బాపమ్మ భరిణె, చెల్లె కెమెరా

చనిపోయినవాళ్ళ మీద ఇండ్లల్లో తీయించే వీడియోలకు ఒక వరస ఉంది. దండ వేసిన ఫోటో, వెనక ఏడుపు పాట, ఒకదాంట్లోకి ఒకటి కరిగిపోయే పెళ్ళిఫోటోలు, ఆఖర్న బంగారు రంగు అక్షరాల్లో ఒక శ్రద్ధాంజలి. మా పెద్దకాక బిడ్డ, అంటే నాకు చెల్లె, బాపమ్మ మీద తీసిన పన్నెండు నిమిషాల చిత్రంలో ఇవేవీ లేవు. అసలు బాపమ్మ ముఖమే లేదు. ఉన్నవి ఆమె అల్మారాలోంచి తీసిన మూడు వస్తువులు: కరీంనగర్ వెండి తీగపని కుంకుమ భరిణె, నిర్మల్ కొయ్య సీతాఫలం, ఆదిలాబాద్ ఓజలు పోతపోసిన ఇత్తడి గంట.

"గిదేందే, మా అవ్వ ఫోటో ఒక్కటన్న పెట్టకపోతివి?" అని మా మేనత్త నిష్ఠూరమాడింది.

"ఫోటో గోడకున్నది గద అత్తమ్మా, రోజూ చూస్తనే ఉన్నం. ఈ భరిణెను ఎన్నడన్న చూసినమా?" అన్నది చెల్లె.

ఆ మాటకు అత్త దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు. పుట్టినప్పటి నుంచి కళ్ళముందున్న భరిణెను నేను నిజంగా చూసింది ఈ చిత్రంలోనే. ఇంటివాళ్ళ కోసం తీసినది కాబట్టి ఇది బయట ఎక్కడా దొరకదు. అయినా దీని గురించి రాయడానికి నాకున్న కారణం పనితనం. వస్తువులు చేసినవాళ్ళదీ, వాటిని చూపించిన పిల్లదీ.

మొదట భరిణె సంగతి. చిత్రంలో సగం కంటే ఎక్కువ అదే ఉంది, ఉండాల్సిందే.

కరీంనగర్ తీగపని నిజానికి ఎలగందులది. మానేరు ఒడ్డున కోట ఉన్న ఆ ఊరే ఒకప్పుడు జిల్లా కేంద్రం. 1905లో ఆ హోదా కరీంనగర్‌కు వచ్చింది, కొలువులూ కొనేవాళ్ళూ ఇటు కదిలేసరికి అవుసులోళ్ళ కుంపట్లు కూడా వెంట వచ్చాయి. అత్తరుదానులు, పాన్‌దాన్‌లు, గంధం గిన్నెలు, పళ్ళేలు, నెమళ్ళు చేసేవారు. నిజాం కాలపు దొరలూ నవాబులూ ముచ్చటపడి చేయించుకున్న సరుకు అది. 2007లో ఈ తీగపనికి భౌగోళిక గుర్తింపు దక్కింది. 2023లో ఢిల్లీ జీ20 సమావేశాలకు వచ్చిన అతిథుల కోసం అశోకచక్రం బ్యాడ్జీలు చేసి పంపింది కూడా ఈ పనివాళ్ళే. బాపమ్మ భరిణె మాత్రం నవాబుల సరుకేం కాదు. నిమ్మకాయంత ఉంటుంది. ఆమె పెళ్ళికి పుట్టింటివాళ్ళు పెట్టింది.

చెల్లె చిత్రం ఆ నిమ్మకాయంత వస్తువు అంచున ఒక్క తీగ దగ్గర మొదలవుతుంది. ఫోన్‌కు తగిలించుకునే చిన్న మాక్రో లెన్సు వాడింది. తెర నిండా ఒక తీగ, దాని అంచు పొడవునా రవ్వలు రవ్వలుగా గింజలు. అవి అద్దినవి కావు, పొదిగినవి కావు. ఎట్లా వచ్చాయో తెలియాలంటే తీగ పుట్టుక తెలియాలి.

వెండిని మూసలో కరగబెట్టి కడ్డీగా పోస్తారు. కడ్డీని దాకలి మీద సాగగొట్టి, కమ్మచ్చు బెజ్జాల్లోంచి గుంజుతారు. ఒక్కో బెజ్జం ముందుదానికంటే సన్నం. గుంజినకొద్దీ వెండి బిరుసెక్కి తెగిపోతానంటుంది కనుక మధ్యమధ్య కాల్చి మెత్తబరుస్తారు. కావలసినంత సన్నబడ్డాక రెండు తీగలు జతచేసి పురి పెడతారు. ఆ పురిని అదిమి చదును చేస్తారు. పురిలోని మెలికలు ఎక్కడికీ పోవు, చదునైన తీగ అంచుల మీదికి వచ్చి గింజల్లా నిలబడతాయి. రేకు వెండి ఒక్కచోట భగ్గున మెరిస్తే తీగపని చెయ్యి కదిలినప్పుడల్లా చిన్నచిన్నగా మినుకుమంటుందే, అందుకు కారణం ఈ గింజలే. ప్రతి గింజా వెలుతురును తన లెక్కన తాను విసురుతుంది.

ఆ తర్వాత చట్రం. కొంచెం మందం తీగతో ఆకు, పువ్వు, మామిడిపిందె ఆకారాలు కట్టి, వాటి కడుపుల్లో సన్నతీగ చుట్టలు నింపుతారు. చిమటాతో చుట్టి, కొసలు వంచి, చట్రంలో ఇరికించాలి. ఇంకా అతుకు పడలేదు కాబట్టి ఆ చుట్టలు తమ బిగువు మీదే నిలబడి ఉంటాయి, ఊపిరి గట్టిగా వదిలినా జారతాయి. అప్పుడు వెలిగారం తడి పెట్టి, టంకం పొడి చల్లి, మంట పట్టిస్తారు. వెండి కరిగేది 962 డిగ్రీల దగ్గర. టంకంలో రాగీ జింకూ కలుస్తాయి కనుక అది ముందే కరుగుతుంది. ఆ ముందుకూ ఈ వెనక్కూ మధ్యనున్న సందులోనే పని అంతా జరగాలి. దిమ్మ వెండిలో అయితే ఆ సందు పెద్దదే. వెంట్రుకంత తీగలో మాత్రం రెప్పపాటు. మంట ఒక్క క్షణం ఎక్కువ నిలిస్తే చుట్ట ముద్దయి కూర్చుంటుంది.

మా భరిణెలో అట్లాంటి చుట్ట ఒకటుంది. దాన్ని చెల్లె కనిపెట్టింది. మూతకు వెనకవైపు, మడతబందు పక్కన ఉన్న ఆకులో ఒక చుట్ట అంచున గింజలు లేవు, నున్నగా మెత్తబడి ఉంది. మంట అక్కడ ఆగింది. ఆ పనివాడు ఆకును పారేయలేదు. ముందుకు రాని చోటు, చేతిలో పట్టుకుంటే అరచేతి వైపు పడే చోటు చూసి అక్కడ అతికాడు. ఆయన పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. పేరు తెలిసిన ఎందరికంటేనో ఆ ఒక్క నిర్ణయంతో నాకు ఎక్కువ పరిచయమయ్యాడు. ఇంకో చోట గోడ అతుకు కూడా దొరుకుతుంది. భరిణె గోడను మొదట చదునైన పట్టీగా చేసి, తర్వాత గుండ్రంగా వంచి కొసలు కలుపుతారు. ఆ కలిసిన గీత మీద ఒక చిన్న ఆకు అడ్డం పడుకొని ఉంది. మిగతా ఆకులన్నీ నిలువుగా ఉంటే ఇదొక్కటే అడ్డంగా ఎందుకుందని అడిగితేనే దొరుకుతుంది, లేకపోతే అలంకారమనుకొని దాటిపోతాం. కెమెరా ఆ ఆకు మీద కొంచెంసేపు ఆగుతుంది, ఏమీ చెప్పదు. చూసేవాళ్ళకు ఆ మాత్రం పని మిగల్చడం నాకు నచ్చింది.

వెండిని చిత్రించడం అంత సుఖమైన పని కాదు. దానికి ఎదురుగా ఏదుంటే అదే చూపిస్తుంది: ఫోను, వేళ్ళు, కిటికీ ఊచలు. చెల్లె కిటికీకి తాత తెల్లధోవతి కట్టింది. ఎండ దాంట్లోంచి వడకట్టుకొని వస్తుంది కనుక మెరుపు ఒక చుక్కగా కాక పరుచుకొని పడుతుంది. కింద నల్ల గొంగడి వేసింది. నల్లగొర్రె బొచ్చుతో నేసిన గొంగడి వెలుతురును బాగా మింగుతుంది. కాకపోతే మాక్రో లెన్సుకు దాని నూగు తాళ్ళలాగా కనిపిస్తుంది. అందుకని భరిణెను బోర్లించిన గాజుగ్లాసు మీద ఎత్తి పెట్టి, గొంగడి కిందెక్కడో మసగ్గా మిగిలేలా చేసింది. ట్యూబులైటు ఆర్పేసింది. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది, దాని మీద వెలిగే లైటు సెకనుకు నూరుసార్లు ఎక్కిదిగుతుంది. కంటికి తెలియదు గానీ షట్టరు వేగం దానితో కుదరకపోతే వీడియోలో నీడలు అలలుగా పాకుతాయి. ఫోకసు, ఎక్స్‌పోజరు రెండూ వేలు నొక్కిపట్టి బిగించేసింది. లేకపోతే మూత తెరిచిన ప్రతిసారీ ఫోను తనకు తోచినట్టు వెలుతురు దిద్దుకుంటుంది.

అంత దగ్గరి నుంచి తీస్తే స్పష్టంగా కనిపించే లోతు చాలా తక్కువ. ముందు తీగ తేటగా ఉంటే వెనకది మసక. చాలామంది దీన్ని తిప్పలనుకుంటారు. చెల్లె వాడుకున్నది. మొదట జాలీ కనిపిస్తుంది. ఫోకసు మెల్లగా లోపలికి జరుగుతుంది, జాలీ కరిగిపోయి వెనకనున్న సాదా రేకు గిన్నె తేటపడుతుంది. తీగల సందుల్లోంచి కుంకుమ రాలకుండా లోపల గిన్నె పెట్టారని అప్పుడు అర్థమవుతుంది. అయినా రాలింది. గోడకూ గిన్నెకూ మధ్య ఎన్నేండ్ల కుంకుమో అట్టగట్టి ఎర్రగా కనిపిస్తుంది. ఈ ఒక్క షాట్‌లో చేసినవాడి ఆలోచన, వాడినామె వేళ్ళు రెండూ ఉన్నాయి. మాటలతో చెప్పబోతే పలచబడేది.

షూటింగుకు ముందు ఇంట్లో ఒక కొట్లాట జరిగింది. మా అమ్మ భరిణెను విభూతితో తోమి మెరిపిస్తానన్నది. నల్లగా ఉన్నదాన్ని సినిమా తీస్తే నలుగురూ ఏమనుకుంటారని ఆమె బాధ. చెల్లె ముట్టనియ్యలేదు. గాలిలోని గంధకం తగిలి వెండి మీద నల్లపొర కడుతుంది. చెయ్యి తగిలే ఎత్తుల మీద అది అరిగిపోతుంది, చెయ్యి అందని సందుల్లో మిగులుతుంది. ఆ నలుపే లేకపోతే ఇంత సన్నపని తెల్లటి మీద తెల్లగా కలిసిపోయేది. పైగా ఆ నలుపు ఎక్కడ పోయిందో చూస్తే బాపమ్మ దాన్ని ఎట్లా పట్టుకునేదో తెలుస్తుంది. మూత ముందుభాగాన బొటనవేలంత మేర మాత్రమే తెల్లగా ఉంది. నా లెక్కన ఇంటి వస్తువులను చిత్రించాలనుకునేవాళ్ళు ఎవరైనా మొదట దాచిపెట్టాల్సింది టూత్‌పేస్టూ బ్రష్షూ.

మడతబందు ఇరుసు అసలుది కాదు. వెండి గొట్టాల్లో ఎర్రగా రాగి తీగ ఉంది. దాన్ని కూడా దగ్గరగా చూపించి, తెర కింద "తర్వాత ఎవరో వేసిన రాగి తీగ" అని రాసింది. చిత్రంలో అక్షరాలు కనిపించే కొద్ది చోట్లలో అదొకటి.

పోయినవాళ్ళ వస్తువులను ఇట్లా చిత్రించినవాళ్ళు ఇంతకుముందూ ఉన్నారు. జపాన్ ఫోటోగ్రాఫర్ ఇషియుచి మియాకో 2000లో తల్లి పోయాక ఆమె లిప్‌స్టిక్‌లను, లోదుస్తులను ఒక్కొక్కటిగా ఫోటోలు తీసింది. 'మదర్స్' అనే ఆ వరస 2005లో వెనిస్ బియన్నాలేలో జపాన్ తరఫున ప్రదర్శనకు వెళ్ళింది. అందులో వస్తువులు తల్లి శరీరానికి సాక్ష్యాలు: ఒంటికి తాకినవి, ఒంటి ఆకారం పట్టినవి. వాటిని ఏ ఫ్యాక్టరీలో ఎవరు చేశారన్న ప్రశ్న ఆ ఫోటోలకు అక్కర్లేదు. మన జిల్లాల వస్తువుల దగ్గర ఆ ప్రశ్న వదలదు. చేసిన చెయ్యి బస్సు దిగితే కలిసేంత దూరంలో ఉండేది కదా. చెల్లె ఇషియుచి పేరు వినలేదు. చూపిస్తే, "ఈమె కిటికీ వెలుగు మంచిగ పట్టింది" అని మాత్రం అన్నది.

సీతాఫలానికి చిత్రంలో తక్కువ చోటే దక్కింది. అది నాకు చిన్నప్పుడు ఆడుకోవడానికి ఇవ్వని బొమ్మ కనుక కొంత పక్షపాతంతోనే అంటున్నాను, ఇంకొంచెం ఉండాల్సింది. నిర్మల్ నకాషీ పనివాళ్ళు దీనికి పొణికి కర్ర వాడతారు. తేలిక, మెత్తన, ఉలికి ఎదురు తిరగదు. ముక్కలను అతకడానికి చింతగింజల జిగురు. అదే జిగురులో రంపపు పొట్టు కలిపి సందులు పూడ్చి, మీద తెల్లసుద్ద పూసి, ఆరాక రంగులు వేస్తారు. సీతాఫలం కళ్ళన్నిటికీ ఒకటే ఆకుపచ్చ వేస్తే బొమ్మ చచ్చిపోతుంది. ఇందులో ప్రతి కన్ను నడుమ లేత, అంచున ముదురు, సందున కొంచెం గోధుమ. తొడిమ దగ్గర పెచ్చు ఊడింది. చెల్లె వెలుతురును పక్క నుంచి వాలుగా పడేట్టు చేస్తే ఆ పెచ్చు అంచున పొరలు విడివిడిగా కనిపించాయి: రంగు, సుద్ద, కర్ర. బొమ్మ ఎంత తేలికో కంటికి తెలిసేదెట్లా? ఒక పిల్లవాడి చేతికిచ్చి ఎగరేయించింది. అంత పండు అంత నింపాదిగా పైకి లేచి దిగితే బరువెంతో చూసేవాళ్ళ చేతికే తెలిసిపోతుంది. ఎగరేసినవాడు మా మేనల్లుడు. వాడి అదృష్టం, నాకు ఆ యోగం పట్టలేదు.

ఇక గంట. మా తాత ఉట్నూరు వైపు పంతులుగా చేసినప్పుడు కేస్లాపూర్ నాగోబా జాతరలో కొన్నది. అటువైపు గోండుల దేవుళ్ళకు, పండుగలకు ఇత్తడి పని చేసిపెట్టే ఓజలు జైనూరు మండలం ఉషెగావ్‌లాంటి ఊళ్ళలో ఉన్నారు. గుస్సాడి ఆటగాళ్ళ నడుముకు కట్టే గంటలు అందరికీ తెలిసినవే. మార్లవాయి గుస్సాడి గురువు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు టీవీల్లో మోగినవీ అట్లాంటివే. ఆదిలాబాద్ డోక్రా అనే ఈ పోతపనికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఓజల పని తలకిందుల పని. ముందు మట్టితో లోపలి దిమ్మ చేసి ఆరబెడతారు. తేనెమైనంలో గుగ్గిలంలాంటి జిగురు కలిపి, అచ్చులోంచి వత్తి దారాలు తీస్తారు. ఆ మైనపు దారాన్ని దిమ్మ చుట్టూ పక్కపక్కనే చుడతారు. ముగ్గులు, చుక్కలు, జడలు ఏవి కావాలన్నా మైనంతోనే. ఆ మీద మెత్తటి మట్టి ఒక పూత, ముతక మట్టి ఒక పూత. కాలిస్తే మైనం కరిగి బయటికి పోతుంది, అది ఖాళీ చేసిన సందులోకి కరిగిన ఇత్తడి దిగుతుంది. చల్లారాక మట్టిని పగలగొడతారు. అచ్చు ఒక్కసారికే, అదే గంట మళ్ళీ పుట్టదు.

చిత్రం మొత్తంలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచిన కూర్పు ఇక్కడుంది. భరిణె గోడ మీద వెండి చుట్ట ఒకటి తెర నిండా కనిపిస్తుంటుంది. కోత. అదే పరిమాణంలో, అదే దిక్కుకు తిరిగిన చుట్ట, ఈసారి పసుపుపచ్చని ఇత్తడిలో. మొదట తేడా రంగే అనిపిస్తుంది. చూస్తూ ఉంటే అసలు తేడా బయటపడుతుంది. వెండి చుట్ట గీతగీతగా తెగుతున్నట్టు పదునుగా ఉంది, ఇత్తడి చుట్ట అంచులు ఒదిగి ఉన్నాయి, వేలు నొక్కిన చోట కొంచెం వెడల్పయింది కూడా. రెండూ తీగపనులే. కరీంనగర్ అవుసులాయన లోహాన్నే తీగ చేశాడు. ఆదిలాబాద్ ఓజ మైనాన్ని తీగ చేసి, ఆ మెత్తదనాన్ని ఇత్తడికి అప్పజెప్పాడు. ఒకప్పటి పక్కపక్క జిల్లాల రెండు పనులు ఒకే అల్మారాలో అన్నేండ్లు ఆనుకొని కూర్చున్నా, మాలో ఎవరికీ వాటిని జతచేసి చూడాలని తోచలేదు. ఏ పుస్తకంలోనూ చదవకుండా చెల్లె ఎడిటింగు బల్ల మీద ఈ పోలిక పట్టింది. దీన్ని మాటల్లో వివరిస్తూ ఒక వ్యాఖ్యానం చదివించమని ఎవరో సలహా ఇచ్చారట. వినలేదు, మంచి పని చేసింది.

గంటను మోగించలేదు. మోగిస్తుందని చివరిదాకా ఎదురుచూస్తాం. దానికి బదులు కొయ్యపీట మీద దించిన చప్పుడు వినిపిస్తుంది, బరువున్న చప్పుడు. సీతాఫలం బరువు కదలికలో చూపిస్తే దీని బరువు వినిపించిందన్నమాట. గంట నాలుక ఊడిపోయి చాలా కాలమైందని నాకు తర్వాత చెప్పింది. ఆ ముక్క తెర మీద రాసి ఉండాల్సింది. తెలియనివాళ్ళు ఇదేదో కావాలని చేసిన మౌనం అనుకొని లేనిపోని అర్థాలు తీస్తారు. ఇంకో లోపం కొలత. మాక్రో చిత్రంలో నిమ్మకాయంత భరిణె, దోసెడు సీతాఫలం ఒకే సైజులో కనిపిస్తాయి. మ్యూజియంవాళ్ళు పక్కన కొలబద్ద పెట్టినట్టు ఒక్కచోట రూపాయి బిళ్ళ పెడితే సరిపోయేది. అసలు ఫైళ్ళను మాత్రం ఫోన్‌లో ఒకటి, హార్డ్‌డిస్కులో ఒకటి, వేరే ఊళ్ళో మా ఇంట్లో ఒకటి పెట్టింది. వాట్సాప్‌లో పంపిన కాపీ ఇంతపనినీ నలిపి పారేస్తుందని తెలుసుకొని, చుట్టాలందరికీ పెన్‌డ్రైవులు పంచింది.

దుబాయిలో ఉన్న చిన్నకాకకు మాత్రం ఫోన్‌కే పంపాల్సి వచ్చింది. ఆయన కర్మకు రాలేకపోయాడు. చూసిన రాత్రే వాయిస్ మెసేజ్ పెట్టాడు.

"ఆ రాగి తీగ నేనే ఎక్కిచ్చిన బిడ్డా. మోటరు వైండింగు షాపుల పని నేర్సుకునేటప్పుడు. మీ బాపమ్మ అవుసులాయన దగ్గరికి తీస్కపొమ్మన్నది. పైసలు దండుగ ఎందుకని ఇంట్లనే చేసిన. వెండి దాంట్ల రాగి పెడ్తవారా అని నాతోని వారం దినాలు మాట్లాడలే."

చెల్లె తిరిగి ఒక్కటే అడిగింది: "ఎన్నో నంబరు తీగ కాకా?"

"ఇరవై రెండు."

పెన్‌డ్రైవులన్నీ వెనక్కి తెప్పిస్తున్నది. తెర కింద అక్షరాలు ఇప్పుడు ఇట్లా ఉన్నాయి: "మడతబందు ఇరుసు: 22 నంబరు రాగి తీగ, వైండింగు షాపుది. బాపమ్మకు ఇష్టం లేకుండా వేసినది."